మా అత్తగారి మంగళవారం తరగతి

పోయిన నెల మా మనవరాలు నన్ను నెల్లూరులో వాళ్ళు వెళ్ళే చర్చికి తీసుకుపోయింది. ఆ రోజు స్త్రీల ఆదివారమట. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, నా భుజాల మీద ఒక శాలువా కప్పారు. నడి ఎండాకాలంలో ఆ శాలువాతో ఏం చెయ్యాలో తెలియక నేను చెమటలు కక్కుతుంటే, పాస్టరుగారు మైకు అందుకుని, ఈ సంవత్సరం నుంచి మన సంఘంలో స్త్రీలకు కూడా మాట్లాడే అవకాశం కల్పిస్తున్నామని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. పాపం ఆ పిల్లవాడి తప్పేమీ లేదు, వయసులో నా మనవడిలాంటివాడు, మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ 'కల్పిస్తున్నాం' అనే మాట ఉందే, అది నేను పాతికేళ్ళైనా నిండకముందే విని విసిగిపోయిన మాట. "ఏంది అమ్మమ్మా, మొహం అట్టా పెట్టినావు?" అని మనవరాలు చెవిలో అడిగితే, ఇంటికి పోయాక చెప్తానన్నాను. ఇంటికి పోయాక దానికి ఫోన్లు వచ్చాయి, నాకు నిద్ర వచ్చింది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

నేను పెళ్ళయి అత్తవారి ఊరికి వెళ్ళింది యాభైల చివర్లో. విడవలూరు దాకా బస్సు, అక్కడినుంచి సముద్రం వైపు ఎద్దులబండి. సరుగుడు తోపులు దాటాక ఇసుకలో చక్రాలు దిగబడితే కొత్త పెళ్ళికూతురినని కూడా చూడకుండా నన్ను దించేశారు. పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, చెప్పుల్లో ఇసుకతో ఇంటిముందు నిలబడితే లోపలికి రమ్మనే మనిషి లేదు. మా మామగారు అప్పటికే పోయారు. మా అత్తగారేమో చేపలుపట్టేవాళ్ళుండే పట్టపుపాళెంలో ఎవరి బిడ్డకో జ్వరమని పొద్దున్నే వెళ్ళారట. కొడుకు పెళ్ళాంతో వస్తున్నాడని తెలిసి కూడా వెళ్ళారు. మా ఆయన అది మామూలే అన్నట్టు తలుపు తోసి, తనే ముంత నీళ్ళు తెచ్చిచ్చారు. పొద్దుగూకే వేళకి నీలం అంచు తెల్లచీరతో, మోకాళ్ళదాకా ఇసుకతో, చంకలో గుడ్డసంచితో ఆవిడ వచ్చారు. నన్ను చూసి, "వచ్చినావా బిడ్డా, అన్నం తిన్నావా?" అన్నారు. నేను తినలేదని చెప్పేలోపే మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టారు. అది ముగిసేసరికి నాకు ఆకలి చచ్చిపోయింది.

మా అత్తగారు బైబిలు స్త్రీ. ఈ కాలం పిల్లలకు ఆ మాట తెలియదు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, చదువు నేర్పడం, రోగులకు సాయపడటం, ప్రార్థన చెయ్యడం వాళ్ళ పని. మాది చిన్న మెథడిస్టు సంఘం, పాతిక ముప్పై కుటుంబాలు. ఎప్పుడో ఒక దొరసాని మద్రాసు నుంచి కాలవ పడవలో వచ్చి స్థాపించిందట. చిన్నవయసులోనే భర్త పోయిన మా అత్తగారిని ఆ దొరసానే దగ్గరికి తీసి, తర్ఫీదిచ్చి, సంచి చేతికిచ్చింది. దొరసాని వాళ్ళ దేశం వెళ్ళిపోయాక మా అత్తగారిని ఆ పనిలో ఎవరూ కొనసాగించలేదు, ఎవరూ మానిపించనూ లేదు. ఆవిడ మానుకోలేదు, అంతే. కాలవ గట్టు మీదుగా పాళేలన్నీ తిరిగేవారు. గంగమ్మకు మొక్కుకునే ఇళ్ళవాళ్ళు కూడా బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే 'బైబులమ్మ'ను పిలిచేవారు. బదులుగా ఎండురొయ్యలు ఇచ్చేవాళ్ళు. మా ఇంట్లో బీరువా తెరిచినా ఎండురొయ్యల వాసనే.

నన్ను అన్నిటికంటే విసిగించింది ఆవిడ ప్రార్థన. మామూలు మనుషులు తప్పులుంటే మొహం మీద చెబుతారు, లేదా వెనక చెబుతారు. మా అత్తగారు దేవుడికి చెప్పేవారు, పక్కింటికి వినపడేట్టుగా. "ప్రభువా, ఈ బిడ్డ మంచిదే, అయితే కోపం బిరీన వస్తుంది. పులుసులో ఉప్పు ఎక్కువేస్తుంది. ఆ రెండూ నువ్వే చూసుకో" అని నా తల మీద చెయ్యిపెట్టి ప్రార్థిస్తుంటే, నేను కళ్ళు మూసుకుని పళ్ళు నూరుకునేదాన్ని. దేవుడితో మాట్లాడుతున్న మనిషితో తగువు ఎట్లా పెట్టుకుంటాం? ఆమెన్ అనకపోతే పాపం, అన్నానా నేరం ఒప్పుకున్నట్టు.

మంగళవారం మధ్యాహ్నం గుడిలో, అంటే మా చర్చిలో, తరగతి జరిగేది. బడి తరగతి కాదు. నాట్లు, కోతలు, ఇంటిపనులు ముగించుకుని డజనుమంది ఆడవాళ్ళు చాపమీద గుండ్రంగా కూర్చునేవారు. ఒక కీర్తన పాడాక మా అత్తగారు ఒక్కొక్కరినే అడిగేవారు, "నీ లోపల ఎట్టుండాదమ్మా?" అని. మెథడిస్టు సంఘం పుట్టిన దేశంలో, పుట్టిన కొత్తల్లో, తరగతులు ఇలాగే నడిచేవట. వాటిని నడిపినవాళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళేనట. ఇదంతా దొరసాని చెప్పిన మాట. మొదటి మంగళవారం నా వంతు వచ్చింది. నెల్లూరులో టీచరు ట్రైనింగు చదివినదాన్ని, ఊరి ఆడవాళ్ళ ముందు నా లోపలి సంగతి నేనెందుకు చెప్పాలి? బాగుందన్నాను. "బాగుండాది అనేది కూరకి చెప్పే మాట. లోపల ఎట్టుండాది?" అన్నారు ఆవిడ. అందరూ నవ్వారు. నేను లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ నా పక్కనున్న ఆమె, బయట ఎన్నడూ తలెత్తి చూడని మనిషి, మొగుడు కొట్టిన రోజు తను దేవుణ్ణి ఏమని అడిగిందో చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ మధ్యలో అడ్డురాలేదు, సలహా ఇవ్వలేదు. ఆ తర్వాత వారం ఇద్దరు ఆడవాళ్ళు ఆ మొగుడి ఇంటి అరుగు మీద కూర్చుని రోజంతా బియ్యం ఏరారు. అతనికి ఏమీ చెప్పలేదు, ఊరికే ఏరారు. ఆ వారం అతను చెయ్యెత్తలేదని విన్నాను. అది చూశాక నేను మంగళవారాలు మానలేదు. చిరాకుపడుతూనే వెళ్ళాను.

అయ్యగారు, అంటే పాస్టరు, నెలకొకసారి వచ్చేవారు. ఆయన చేతికింద చాలా ఊళ్ళుండేవి. మిగతా ఆదివారాలు పెద్ద ఎల్డరుగా ఉన్న మా చిన్నమామగారు, అంటే మా మామగారి తమ్ముడు, అచ్చువేసిన ప్రసంగాల పుస్తకం తెచ్చి చదివేవారు. ఆయన చదువుతుంటే గోడమీద బల్లి కూడా కదలకుండా నిద్రపోయేది. ఒక ఆదివారం ఆయనకు గొంతు పూర్తిగా పూడిపోయింది. పుస్తకం మా ఆయన చేతిలో పెడితే, బడిలో ముప్పైమందిని గడగడలాడించే ఆ మనిషి జనాన్ని చూసి నీళ్ళు నమిలారు. అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి మా అత్తగారు లేచారు. వేదిక ఎక్కలేదు. ఉన్నచోటే నిలబడి, యజమానురాలు పెట్టే బాధ పడలేక కడుపుతో ఎడారిలోకి పారిపోయిన ఒక దాసి కథ బైబిల్లోంచి చెప్పారు. ఆ దాసిని యజమాని అడగని మాట, యజమానురాలు అడగని మాట దేవుడు అడిగినాడని చెప్పారు. యాడనుంచి వస్తుండావు, యాడికి పోతుండావు అని. మగవాళ్ళ వైపు కూడా దగ్గు, చీదు ఆగిపోయాయి. పై ఆదివారానికి గుడి నిండింది. పట్టపుపాళెం ఆడవాళ్ళు కిటికీల దగ్గర నిలబడ్డారు.

నిండిన గుడిని చూసి సంతోషించాలి కదా? ఎల్డర్లు కమిటీ వేశారు. మా ఆయన కూడా అందులో ఉన్నారు, ఇంటికొచ్చి నా మొహం చూడలేక, పంచాంగం చదివినట్టు తీర్మానం చెప్పారు. ఆమె మాట్లాడవచ్చు. కానీ అది ప్రసంగం కాదు, సాక్ష్యం. వేదిక ఎక్కకూడదు. ప్రసంగపీఠం మీది గ్రంథం తెరవకూడదు. వాక్యం ఎత్తుకుని దానికి అర్థం చెప్పకూడదు, తనకు జరిగింది మాత్రమే చెప్పాలి. ఇన్ని చెప్పి, చివర్లో ఆమెకు అవకాశం కల్పించినట్టు తీర్మానించారు. నేను వంటింట్లో గరిటె విసిరికొట్టాను. మా అత్తగారు మాత్రం నవ్వి, దొరసాని దేశంలోనూ రెండొందల ఏళ్ళ కిందట అచ్చం ఇదే జరిగిందన్నారు. అక్కడి ఆడవాళ్ళకూ, మీరు మాట్లాడండి గానీ దాన్ని ప్రసంగం అనొద్దు అని చెప్పారట. నాకు ఇంకా మండింది. సువార్త వచ్చిన ఓడలోనే ఆ సాకు కూడా ఎక్కి, సముద్రాలు దాటి, కాలవ పడవలో మా ఊరికొచ్చి దిగిందన్నమాట! కుళ్ళకుండా, చెడిపోకుండా, ఉప్పులో వేసిన చేపలాగా.

సరే, సాక్ష్యమే అనుకుంటూ కొన్నేళ్ళు గడిపాం. ఇంతలో మా ఊళ్ళోనే కాపురం ఉండేట్టు ఒక అయ్యగారిని వేశారు. వేదాంత కళాశాలలో చదివిన కుర్రవాడు. శ్రద్ధగలవాడు, శుభ్రమైన మనిషి, ప్రతిదీ పద్ధతిగా ఉండాలనేవాడు. ఆదివారం సాక్ష్యం పద్ధతి కాదని ఆపేశాడు. మంగళవారం తరగతి కాపరి లేకుండా నడవడం కూడా పద్ధతి కాదని, తనే నడుపుతానన్నాడు. గుండ్రంగా పరిచిన చాపల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని, "సహోదరీ, మీ ఆత్మీయ స్థితి ఏ విధముగా ఉన్నది?" అని వరసగా అడిగాడు. "బాగుందయ్యగారూ" అంది మొదటామె. "బాగుందయ్యగారూ" అంది రెండో ఆమె. అలా డజనుమందీ అన్నారు. తరగతి ఇంత తొందరగా ముగుస్తుందని మా ఊళ్ళో ఎవరికీ అంతవరకూ తెలియదు. ఆయన చాలా సంతోషించి, సంఘంలో స్త్రీల ఆత్మీయ స్థితి ఉన్నతంగా ఉందని ఆదివారం చెప్పాడు. కొన్ని వారాలకు చాపలు ఖాళీ అయ్యాయి. మా అత్తగారు అందరినీ వెళ్ళమని పోరేవారు, తను కూడా వెళ్ళి ముందు కూర్చునేవారు. ఆ విధేయత చూస్తే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

మా చిన్నత్త, అంటే చిన్నమామగారి భార్య, ఆ తరగతికి ఎన్నడూ రాలేదు. పెద్ద ఎల్డరు భార్య నలుగురిలో ఇంటి సంగతులు చెప్పుకోవడం మర్యాద కాదని చిన్నమామగారు పంపేవారు కాదు. ఆమె సన్నగా, చప్పుడు లేకుండా తిరిగే మనిషి. ఒక్కతే కూతురు. ఆ అమ్మాయిని చిల్లకూరు వైపు ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ ఏడు వానలకు దారులు తెగిపోయాయి. నెల్లూరు తీసుకుపోదామని బండి కట్టించేసరికే ఆలస్యమైంది. తల్లీ పోయింది, బిడ్డా పోయాడు. ఇద్దరినీ ఒకే పెట్టెలో ఇసుకనేలలో పెట్టారు. అప్పటినుంచి చిన్నత్త మాట్లాడటం మానేసింది. పెట్టింది రెండు ముద్దలు తింటే తినేది, లేకపోతే లేదు. కూతురు పడుకున్న మంచం కాడ నేలమీద గోడకు ఆనుకుని కూర్చునేది. డాక్టరు మందిచ్చాడు. అయ్యగారు రోజూ వచ్చి పునరుత్థానం గురించి చక్కగా వివరించాడు. చిన్నత్త ఆయన వైపు కూడా చూడలేదు.

ఒక మధ్యాహ్నం చిన్నమామగారు మా ఇంటికొచ్చారు. మా పెళ్ళయ్యాక ఆయన మా గడప తొక్కిన సార్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. లోపలికి రాలేదు, అరుగు దగ్గరే నిలబడి, కండువాతో మొహం తుడుచుకుంటూ, "వదినా, అది నా మాట వినడం లా. నువ్వు రావాల" అన్నారు. ఆయన్ని అక్కడే నిలబెట్టి నాలుగు అడగాల్సినవి నా నాలుక చివరిదాకా వచ్చాయి. మా అత్తగారు ఒక్క మాట అడగలేదు. చేతులు కడుక్కుని, చీరకొంగుకు తుడుచుకుని ఆయన వెనకే నడిచారు. సంచి కూడా తీసుకోలేదు.

ఆవిడ అక్కడ ఏం చేశారని అడిగితే, ఏమీ చెయ్యలేదు. నేను సాయంత్రాలు గిన్నెలో అన్నం తీసుకుపోయేటప్పుడు చూసేదాన్ని. తోటికోడలి పక్కన నేలమీద, అదే గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవారు. ప్రార్థన లేదు, వాక్యం లేదు. ఊరందరినీ ప్రశ్నలతో చంపే మనిషి నోరు మెదపలేదు. నాకు అదీ చిరాకే. ఏదో ఒకటి చెయ్యండి అత్తమ్మా అని గుమ్మం దగ్గర గొణిగితే, చేస్తూనే ఉండా కదా అన్నారు. అలా ఎన్నో రోజులు గడిచాయి. పాళేల నుంచి మనుషులొచ్చి బైబులమ్మ ఏదని మా ఇంట్లో అడిగి వెళ్ళేవారు. ఒక సాయంత్రం నేను అన్నం గిన్నెతో గుమ్మంలో అడుగుపెట్టేసరికి, "అక్కా" అని చిన్నత్త గొంతు వినపడింది. ఆ గొంతు మర్చిపోయాను నేను. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"అక్కా, దేవుడి మీద నాకు కోపంగా ఉండాది."

"ఉంటే ఆయనకే చెప్పు. నాకు చెప్తే ఏం లాభం?" అన్నారు మా అత్తగారు.

అప్పుడు చిన్నత్త మొదలుపెట్టింది. ఆమె దేవుణ్ణి అన్న మాటలు నేను ఇక్కడ రాయను. మంచి క్రైస్తవ ఇంట్లో వినే మాటలు కావు. పక్కగదిలో చిన్నమామగారు ఉన్నారు, లేచి రాలేదు. మా అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, ప్రతి మాటకూ తల ఊపుతూ వింటున్నారు, నిజమే నిజమే అన్నట్టు. అరిచి అరిచి అలసిపోయాక చిన్నత్త నా చేతిలో గిన్నె చూసి, ఇటివ్వమంది. గిన్నెడూ తిన్నది.

మరికొన్నాళ్ళకు ఆమె గుడికి వచ్చింది. ఆ ఆదివారం అయ్యగారు దుఃఖం గురించి ప్రసంగించాడు. ఆమెను ఉద్దేశించి కాదు, వరసలో ఆ పాఠం వచ్చింది. విశ్వాసి అతిగా దుఃఖించడం విశ్వాసలోపం అన్నాడు. ఆడవాళ్ళ వైపు చాపమీద చిన్నత్త లేచి నిలబడింది. ముసుగు సర్దుకుంది. "అయ్యగారూ, నేనొక మాట చెప్పాల" అంది. గుడిలో ఆమె గొంతు ఎవరూ ఎన్నడూ వినలేదు. "నా బిడ్డ పోయినాక నేను ప్రార్థన చెయ్యలా. తిట్టినా. దేవుణ్ణే తిట్టినా. ఆయన లేచి పోలా. ఈడనే, నా పక్కన కింద కూసోనుండినాడు, మా అక్క మాదిరి. అది లోపమో ఏమో నాకు తెలవదు."

అయ్యగారు ఆపబోతున్నట్టు చెయ్యెత్తాడు. చిన్నమామగారు తల వంచుకుని కూర్చున్నవారు, తల ఎత్తకుండానే, "మాట్లాడనీండి అయ్యగారూ" అన్నారు. అయ్యగారి చెయ్యి దిగింది. చిన్నత్త కూర్చోగానే వెనకనుంచి ఇంకో ఆమె లేచింది. ఆ తర్వాత ఇంకొకామె. మంగళవారాలు చాపమీద చెప్పుకున్న మాటలన్నీ ఆ ఆదివారం మగవాళ్ళు విన్నారు. కొందరు వాళ్ళ ఇళ్ళ సంగతులు మొదటిసారి విన్నారు. మిట్టమధ్యాహ్నం దాటిపోయింది. నేను మా అత్తగారిని మోచేత్తో పొడిచాను, ఇప్పుడు లేవండి, వేదిక ఎక్కండి, ఇవాళ ఎవరూ ఆపరు అని. ఆవిడ కదల్లేదు. "ఈ దినం నాది కాదు" అని గొణిగి, మళ్ళీ లేచిన మనిషివైపు తిరిగారు.

ఎల్డర్లు మళ్ళీ కూర్చున్నారు. మంగళవారం తరగతి మా అత్తగారి చేతికే తిరిగిచ్చారు. ఆదివారం సంగతి తరువాత ఆలోచిస్తామన్నారు. నాకు తెలిసినంతవరకు ఆ సంఘంలో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. చిన్నత్త మాత్రం తరగతికి రాకుండా ఒక్క వారం ఉండలేదు, తర్వాత తర్వాత తనే రెండో తరగతి నడిపింది. ఆ అయ్యగారికి బదిలీ అయినప్పుడు, బండి కట్టేముందు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, "నన్ను కూడా అడగండమ్మా" అన్నాడు మా అత్తగారితో. ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు, నేను లోపల మజ్జిగ కలుపుతున్నాను. తెచ్చేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మజ్జిగ తాగి, బాగుందన్నాడు.

అంతా బాగానే ముగిసిందని మీరనుకోవచ్చు. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. ఒకరోజు పెరట్లో ఇద్దరం చేపలు తోముతుండగా అడిగేశాను. ఊరంతా మీ చేతిలో ఉంది, చిన్నమామగారే తలవంచారు, ఒక్కమాట గట్టిగా అడిగితే పీఠం ఎక్కనిచ్చేవాళ్ళు, ఎందుకు అడగలేదని. ఆవిడ బూడిదలో చేప దొర్లిస్తూ, "వాళ్ళకుండేది ఆదివారం ఒకటే బిడ్డా. తక్కిన ఆరు దినాలు ఎవురివి?" అన్నారు.

"ఏడూ ఎందుకు కాకూడదు అత్తమ్మా?"

ఆవిడ నావైపు చూశారు. ఇంతలో కాలవ గట్టు మీదినుంచి ఎవరో బైబులమ్మా అని కేకేశారు, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. సగం తోమిన చేపలు నాకు వదిలేసి. ఆ తర్వాత కొన్నేళ్ళకు, అరవైల చివర్లో, ఆవిడ పోయారు. ఆ ప్రశ్న నేను మళ్ళీ అడగలేదు, ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు నా వయసు ఆవిడ పోయిన వయసును ఎప్పుడో దాటేసింది. ఒక్కోసారి ఆవిడ చెప్పిందే సరి అనిపిస్తుంది, ఒక్కోసారి నేను అడిగిందే సరి అనిపిస్తుంది. ఇన్నేళ్ళు గడిస్తే ఏదో ఒకటి తేలుతుందనుకున్నాను. కాలం తగువు తీర్చదు, తగువు పెట్టుకోవడానికి ఎదురుగా ఉన్న మనిషిని మాత్రం తీసుకుపోతుంది.